ముప్ఫై ఒక్క మీటల ఈక్వలైజర్

కళ్లజోళ్ల దుకాణం నడిపే ఆయనకు నిర్ణయాలు తీసుకోవడం కొత్త కాదు, అవి ఎదుటివాళ్ల కళ్లకు సంబంధించినవైతే. అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగి ఎంతటివాళ్లనైనా ఐదు నిమిషాల్లో తేల్చి పంపేస్తాడు. అదే ప్రశ్న తనకు తాను వేసుకుంటే మాత్రం నెల పడుతుంది.

ఈసారి నెల లేదు. భార్య గొంతులో గడ్డకు ఇరవై రోజుల్లో ఆపరేషన్. తర్వాత గొంతు మారినా మారొచ్చని డాక్టరు ముందే చెప్పేశాడు.

"పాప పాట ఒక్కసారి రికార్డు చేసి పెట్టండి. ఫోన్లో అయినా చాలు" అందావిడ. కూతురు పుట్టినప్పుడు తను కట్టుకున్న పాట అది. ఏ కాగితం మీదా లేదు. పదేళ్ల ఆ పిల్లకు జ్వరమొస్తే ఇప్పటికీ మందుకంటే ముందు ఆ పాటే కావాలి.

ఫోన్లో అనే మాటకు ఆయన మనసు చివుక్కుమంది. ఇంత మంచి గొంతును ఫోన్‌కు అప్పగిస్తాడా? వెంటనే మైకు కొన్నాడు. మైకు వెంట దానికో పెట్టె, స్టాండు, హెడ్‌ఫోన్లు పెళ్లివారిలా దిగాయి. ఇక మిగిలింది ఈక్వలైజర్. గొంతులోని బరువును, కీచుదనాన్ని విడివిడిగా పెంచి తగ్గించే పెట్టె అది. పది మీటలదా, ముప్ఫై ఒక్క మీటలదా అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు. "ఎందుకు సార్, మీ కంప్యూటర్లోనే ఉంటుంది, ఉచితంగా" అని ఒక దుకాణదారు నిజం చెప్పేశాడు. ఆ దుకాణం గుమ్మం మళ్లీ తొక్కలేదు.

ముప్ఫై ఒక్క మీటలదే వచ్చింది. పడకగది పరుపు గోడకెక్కి గది ప్రతిధ్వనిని మింగుతుంటే, ముగ్గురూ నేల మీద పడుకున్నారు. రికార్డింగ్‌లో మోత వస్తోందని ఫ్రిజ్ ఆపితే పాలు విరిగిపోయాయి.

"పాట ఇప్పుడే పాడకు, గొంతు అలిసిపోతుంది. అంకెలు చెప్పు" అనేవాడు.

ఆవిడ ఒకటి, రెండు, మూడు అనేది. ఆయన ఒక మీట పైకి, ఇంకోటి కిందికి నెట్టి వినిపించేవాడు. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

"రెండూ నా గొంతేగా."

ఆ జవాబు ఆయనకు నచ్చేది కాదు. మళ్లీ అంకెలు.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం సన్నగా గుయ్‌మనే శబ్దం దొరికింది. తప్పు వైరుదట. కొత్త వైరు పొద్దున వస్తుంది, రాగానే పాడేసి బయల్దేరొచ్చు అన్నాడు. పొద్దున ఏడింటికి ఆసుపత్రికి రమ్మన్నారు. వైరు పదకొండింటికి వచ్చింది.

గడ్డ పోయింది. ప్రాణానికి ఢోకా లేదు. గొంతు మాత్రం బొంగురుపోయి అలాగే ఉండిపోయింది. పై స్వరం అందుకోబోతే గాలే వస్తోంది.

మూడు నెలలకు కూతురికి జ్వరం వచ్చింది. "అమ్మా, నాన్న రికార్డు చేసింది పెట్టవా" అంది. ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. మంచం పక్కన కూర్చుని ఉన్నవన్నీ వెతికాడు. ముప్ఫై ఎనిమిది రికార్డింగులు. ఒకటి, రెండు, మూడు. ఒకటి, రెండు, మూడు.

చివరిదానిలో, అంకెలయ్యాక, ఆవిడ ఎవరూ అడగకుండానే పాట ఎత్తుకుంది. కూతురు కళ్లు మూసుకుంది. మొదటి మాట పూర్తయిందో లేదో, "ఆగాగు, ఇంకా సెట్ కాలేదు" అని ఆయన గొంతు వినిపించింది. ఎక్కడా మోత లేదు, ప్రతిధ్వని లేదు, వైరు మీద నింద వేసిన ఆ గుయ్‌మనే శబ్దమూ చెవికి ఆనలేదు. ఆ ఒక్క ముక్కా బ్రహ్మాండంగా రికార్డయింది.



"ఇప్పుడు సెట్ అయిందా?" అని భార్య బొంగురు గొంతుతో అడిగింది. జవాబు కోసం చూడకుండా కూతురి తల ఒళ్లోకి తీసుకుని, అందిన స్వరంలోనే మొదటి నుంచి పాడటం మొదలుపెట్టింది. ఆయన చేయి జేబులోని ఫోన్ కోసం తడుముకుంది.