పీరాంబీ పొట్లాల తూకం

నరసరావుపేట కోర్టు గేటు పక్కన పీరాంబీ పొద్దున్నే పొయ్యి వెలిగించి ఇసుకలో వేరుశనక్కాయలు వేయించేది. పాత పేపర్లో పొట్లం కట్టాకే తక్కెడలో పెట్టేది. కాగితం బరువుకు నాలుగు కాయలు తగ్గేవి. అచ్చులో అబద్ధముంటే మాత్రం కాగితం తూగేది కాదు. ఆ నాలుగు కాయలూ కొన్నవాళ్లకే దక్కేవి. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే.

జపాను యుద్ధంలోకి దిగి పత్తి ఎగుమతులు ఆగిన ఏడాది పొట్లాలు నిండుగా ఉండేవి. పత్తి మిల్లు సగం మూతపడి మూడొందల మంది వీధిన పడితే, కూలీలు ఇష్టపడి సెలవు పెట్టారని పట్నం పేపరు రాసింది. యజమాని దిగులు మొదటి పేజీలో ఉంది. కూలీ ఆకలి ఏ పేజీలోనూ లేదు. మిల్లు వార్తలోనే కట్టమని జనం అడిగి మరీ కొనుక్కునేవాళ్లు.

ఆకలిగొన్నవాడు పని అడగటం భిక్ష కాదు, హక్కు. మిల్లు కూలీ యల్లమంద అదే అడిగాడు. తీసేసినవాళ్లను మళ్లీ పెట్టుకొని ఉన్న పనినే అందరికీ పంచమని మిల్లు గేటు ముందు కూర్చున్నాడు. మర్నాడు పేపర్లో అతను కత్తి పట్టిన గూండా అయ్యాడు. ఆ వార్త చూసే పోలీసులు కేసు కట్టారు. రుజువైతే రెండేళ్ల జైలు.

విచారణ రోజు మధ్యాహ్నం మేజిస్ట్రేటు ఎప్పటిలాగే పొట్లం తెప్పించుకున్నాడు. రోజూ గుప్పెడయ్యే కాయలు ఆ రోజు గుప్పెట్లో పట్టలేదు. కాగితం విప్పితే యల్లమంద కత్తి వార్త కనిపించింది. పీరాంబీని తక్కెడతో సహా పిలిపించాడు.

ఆ వార్త మేరకు చింపి పళ్లెంలో వేస్తే ముల్లు కదల్లేదు. పక్కనున్న ఆముదం ప్రకటన వేస్తే కాస్త వంగింది.

పేపరువాళ్లు చదువుకున్నవాళ్లని మిల్లు ప్లీడరు గొణిగాడు.

"తక్కెడకి చదువు రాదు బాబూ," అంది పీరాంబీ. "ఉన్నదాన్నే తూస్తది."

కేసు కొట్టేశారు.

వారం తర్వాత ఆ సంగతి పేపరు చివరి పేజీలో, ఓ మూల రెండు వరుసల్లో వచ్చింది. పీరాంబీ ఆ పేజీలోనే యల్లమందకు పొట్లం కట్టింది.

"ఏందత్తా, కాయలు తగ్గినయ్?"

"తగ్గవంట్రా మరి? ఈసారి కాగితం బరువుంది."

యల్లమంద నవ్వాడు. కాగితాన్ని మడిచి రొంటిన దోపుకొని, కాయలు ఒక్కొక్కటే ఒలుచుకుంటూ మళ్లీ మిల్లు గేటు వైపు నడిచాడు.