చందనోత్సవం నాడు తీర్చిన బాకీ

ఐ.పి. పెట్టడానికి కూడా ముహూర్తం చూసుకున్న మొనగాడు మా ఎల్లారావు ఒక్కడే అయ్యుంటాడు. నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, తర్వాత సందు దొరకదు.

స్టీలుప్లాంటు వస్తుందని ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఎల్లారావు పొలం పోయి పరిహారం డబ్బు చేతికొచ్చింది. దానికి అప్పు జోడించి లారీ కొన్నాడు. ఫ్యాక్టరీ కట్టేటప్పుడు ఇసుకా కంకరా తోలడానికి లారీలు చాలవని అందరూ అన్నారు, అతనూ నమ్మాడు. శంకుస్థాపన రాయి నిలబడింది గానీ ఫ్యాక్టరీ లేవలేదు. ఏళ్లు గడిచాయి. పోర్టులో దొరికే అరకొర కిరాయిలు డీజిలుకీ టైర్లకీ సరిపోయేవి. వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. డెబ్బై ఎనిమిది వేసవి వచ్చేసరికి లారీని ఫైనాన్సు వాళ్లు పట్టుకుపోయారు. పూర్ణా మార్కెట్లో మిరపకాయలు అమ్ముతూ పక్కన వడ్డీ వ్యాపారం చేసే త్రినాథరావు, ప్రోనోట్లు పట్టుకుని రోజూ పొద్దున్నే గుమ్మంలో కూర్చునేవాడు.

అందరికీ ఎగ్గొట్టినా ఒక్క మనిషికి మాత్రం ఎగ్గొట్టలేననుకున్నాడు ఎల్లారావు. ఆమె మేనత్త నూకాలు. మొగుడు లేడు, పిల్లల్లేరు. తన పొలం చెక్కకి వచ్చిన పరిహారం మూడువేల ఆరువందలూ "నీకాడుంటే బేంకీలో ఉన్నట్టే అల్లుడా" అని అతని చేతిలో పెట్టింది. కాగితం లేదు, వడ్డీ లేదు. ఆ డబ్బూ లారీలోకే పోయింది. ఇప్పుడు భార్య గౌరీశ్వరి మెళ్లో గొలుసూ చేతి గాజులూ అమ్మి, వైశాఖంలో వచ్చే చందనోత్సవం నాడు సింహాచలం కొండ దిగువన, దర్శనం చేసుకుని వచ్చిన అత్త కొంగున ఆ మొత్తం కట్టాడు. అన్నేళ్లలో అతనికి అంత తేలిగ్గా ఊపిరాడిన రోజు లేదు. ఆ డబ్బుతో ఆమె నిర్వాసితుల కాలనీలో తన పాకకి సిమెంటు రేకులు వేయించుకుంది, ఒక పాడిగేదెను కొనుక్కుంది.

జూన్ నెలలో ఎల్లారావు ప్లీడరు నరసింహమూర్తి దగ్గరికి వెళ్లాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మాట కరుకు, మనసు చెడ్డది కాదు.

"చూడు ఎల్లారావ్, ఐ.పి. పెట్టేవాడు నా దగ్గర ఒక్క ముక్క దాచకూడదు. ఎవరెవరికి ఎంతెంత ఇవ్వాలో చెప్పు. పెళ్లాం పేరనో చుట్టాల పేరనో ఏమైనా రాశావా? ఈ మూడు నెలల్లో ఎవరికైనా బాకీ తీర్చావా?"

"నేదండి."

అబద్ధం చెబుతున్నానని అతనికి తోచనే లేదు. అత్తది బాకీ ఎలా అవుతుంది? దాచమంది, దాచలేక తినేశాడు, తిరిగి ఇచ్చేశాడు. పైగా ఇంటి ఆడమనిషి పేరు కోర్టు కాగితాల్లోకి ఎక్కిస్తే ఆమెను బజార్లో నిలబెట్టినట్టేనని అతని లెక్క.

"అయితే తొందరేం లేదు. ఆగస్టు నెలాఖరుకి వేద్దాం, కాగితాలు నింపాదిగా చూస్తాను" అన్నాడు ప్లీడరు.

"ఆషాఢం వచ్చీస్తాది బాబూ. ఆషాఢంలో ఏటీ మొదలెట్టొద్దని మా ఇంటిది ఒకటే గోల. ఈలోగానే ఏసెయ్యండి."

జ్యేష్ఠం ఇంకా రెండు రోజులుందనగా, జులై మూడున పిటిషను పడింది.

దసరా సెలవుల తర్వాత విచారణ మొదలైంది. ఎల్లారావు ఆస్తి దాచేశాడని, పచ్చి దొంగని త్రినాథరావు ఊరంతా చెప్పాడు. ఆ మాట కాలనీ దాకా పాకింది. నూకాలుకి ఒళ్లు మండింది. ఎవరూ పిలవకుండానే బస్సెక్కి కోర్టుకి వచ్చేసింది.

"నువ్వెందుకొచ్చేవత్తా, ఎలిపో" అన్నాడు ఎల్లారావు సిగ్గుతో చచ్చిపోతూ.

ఆమె వినలేదు. వరండాలో త్రినాథరావుకి ఎదురుగా కొంగు బిగించి నిలబడింది.

"మా అల్లుడు దొంగేటి? నా మూడేల ఆరొందలూ పైసా తగ్గకండా తీర్సీసినాడు. దొంగైతే తీరుత్తాడేటి?"

త్రినాథరావు ప్లీడరు మహా మర్యాదగా దగ్గరికి వచ్చాడు. "మంచి మాట చెప్పావమ్మా. ఇదే మాట జడ్జిగారి ముందు చెబుతావా?"

"భయమేటి? సెప్తాను."

బోనెక్కి ప్రమాణం చేసి మరీ చెప్పింది. ఎప్పుడిచ్చాడని అడిగితే తేదీలు తెలీవంది. "సందనోత్సవం నాడు బాబూ, ఈ ఏడే. సిమ్మాచలం అప్పన్నబాబే సాచ్చి." విశాఖపట్నం కోర్టులో ఆ రోజు ఏదో తెలియనివాడెవడు? నరసింహమూర్తి చివాల్న లేచి, అది అప్పు కాదు, దాచమని ఇచ్చిన సొమ్మన్నాడు.

"అప్పేనా అమ్మా?" అన్నాడు అవతలి ప్లీడరు.

అల్లుడి పరువంతా ఆ ఒక్క మాటలోనే ఉందనుకుంది ఆ పిచ్చితల్లి. "అప్పే బాబూ. అప్పు తీర్సిన మొగోడు మా ఎల్లారావు!"

బయటికొచ్చాక నరసింహమూర్తి ఎల్లారావుని పక్కకి లాగాడు.

"చందనోత్సవం మే పదిన. మనం పిటిషను వేసింది జులై మూడున. పిటిషనుకి ముందు మూడు నెలల లోపల ఒక్కరికే కావాలని తీర్చిన బాకీ చెల్లదయ్యా. కోర్టు పెట్టే రిసీవరు దాన్ని వెనక్కి లాగి అప్పులవాళ్లందరికీ పంచుతాడు. ఆ రోజు ఒక్క ముక్క చెప్పుంటే ఆగస్టు పది దాటించి వేసేవాణ్ణి కదా!"

ఎల్లారావు కోర్టు మెట్ల మీద కూలబడ్డాడు. తన అప్పులకి తాను పోతాడు, అది న్యాయమే. అత్తని కూడా తన చేతులతోనే ముంచాడు.

మాఘమాసంలో ఆ మూడువేల ఆరువందలూ రాబట్టడానికి కోర్టు అమీను నూకాలు పాకకి వచ్చాడు. ముందు గేదె వెళ్లింది. అది చాలక రేకులు దింపమన్నారు. కూలీలు పగలగొడితే ధర పడిపోతుందని ఎల్లారావే కప్పెక్కి ఒక్కొక్క రేకూ విప్పాడు. కింద నిచ్చెన పట్టుకున్నది నూకాలే.

"నెమ్మదిగా నాయినా, జారిపోగలవ్" అంటూనే ఉంది.

మరుసటి ఏడు పంపకాలు తేలాయి. రూపాయికి పదకొండు పైసలు. అప్పిచ్చినవాళ్ల జాబితాలో ఇప్పుడు నూకాలు పేరూ ఉంది కాబట్టి, వేలిముద్ర వేయించుకుని మూడువందల తొంభైయారు రూపాయలు ఇచ్చారు. ఆమె కోర్టు నుంచి తిన్నగా ఎల్లారావు ఇంటికి వచ్చింది. అతను పోర్టులో బస్తాలు మోసి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"తాటాకు పాకలో ఎక్కడెట్టుకోను ఇయ్యి? నీకాడే దాసు అల్లుడా."

అలవాటు కొద్దీ ఎల్లారావు చెయ్యి చాచాడు. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. అప్పుల నుంచి కోర్టు విడుదల చేసేదాకా అతని చేతిలో పడ్డ ప్రతి పైసా రిసీవరుదేనని ప్లీడరు పదిసార్లు చెప్పాడు. ఆ మాట అత్తకి చెబితే, బోనెక్కి ఆమె అన్న మాటే ఆమెను ముంచిందనీ చెప్పాల్సొస్తుంది.

నూకాలు చాచిన చెయ్యి అలాగే ఉంచి అతని మొహంలోకి చూసింది.

"నానేటి తప్పు సేసేన్రా?"

ఎల్లారావు మొహం అటు తిప్పుకుని, కడిగిన కాళ్లే మళ్లీ కడుక్కుంటూ లోలోపలే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె నోట్లు మళ్లీ కొంగున ముడేసుకుని, అల్లుడికి తన మీద కోపమొచ్చిందనుకుంటూనే బస్సుకి వెళ్లిపోయింది.