నమిలిన ముద్ద

బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్‌కు ఒప్పుకునేముందు డాక్టరును నేను అడిగింది ఒకే ఒక్క మాట. "మళ్ళీ రాగిముద్ద తినొచ్చా?" మెత్తటి తిండి మొదలయ్యాక కొంచెం కొంచెంగా తినొచ్చన్నాడు. ఆ మాట పట్టుకునే కడుపు కోయించుకున్నాను. షుగరు తగ్గుతుంది, మోకాళ్ళు బాగుపడతాయి అన్నవి ఇంట్లోవాళ్ళ కారణాలు. నా కారణం ముద్ద.

కాటన్‌పేటలో మాది జిప్పులు, గుండీల హోల్‌సేల్ అంగడి. పైన ఇల్లు. ఇంట్లో నేను, నా భర్త దర్శన్, మా అత్త సొన్నమ్మ. పెళ్ళయి వచ్చినప్పటినుంచీ తెడ్డు పట్టి ముద్ద కెలికింది నేనే. ఆపరేషనయ్యాక అత్త కెలుకుతోంది, ఆ వాసన నా మంచం దాకా వస్తోంది.

మొదట్లో అంతా నీళ్ళ తిండి. తేట సూపు, పలచటి మజ్జిగ, ప్రొటీన్ పొడి కలిపిన పాలు. ఆ పొడికి వెనిల్లా అని పేరు పెట్టారు గానీ రుచి మాత్రం తడిసిన అట్టపెట్టెది. తర్వాత మిక్సీ తిండి. పప్పూ మిక్సీలోకే, క్యారెట్టూ మిక్సీలోకే. అది మోగితే చాలు, నాకు ఒళ్ళు మండేది. తింటూ నీళ్ళు తాగకూడదు, తిన్నాక కూడా అరగంట ఆగాలి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళదీ ఒకటే పాట: కడుపు కట్టుకోకుండానే సన్నబడుతున్నావు, అదృష్టవంతురాలివి. వాళ్ళ ముందు ఒక గిన్నెడు ఆ పొడి కలిపి పెట్టాలనిపించేది.

మా అత్త మంచిది. అదే నా తలనొప్పి. నేను స్పూను కింద పెట్టగానే పక్కన నిలబడేది.

"ఇంకొంచెం తినమ్మీ. ఇంతే తింటే మనిషి నిలుస్తాదా?"

చివరికి మెత్తటి తిండి రోజు వచ్చింది. ఆసుపత్రి డైటీషియన్ ఫోన్ చేస్తే మొదట ముద్ద సంగతే అడిగాను. మెత్తగా చేసుకుని, బాగా నమిలి తినమంది. ఆమెది మంగళూరు వైపు, అన్నం తినేవాళ్ళ పిల్ల. ముద్దను మేమెలా తింటామో ఆమెకు తెలియదు. నాకేమో తినమన్న మాట చెవిన పడ్డాక మిగతాది ఎక్కలేదు.

మావాళ్ళలో ముద్దను ఎవరూ నమలరు. చిటికెడు తుంచి, పులుసులాంటి సారులో ముంచి, నాలుక మీద పెట్టుకుని మింగేయడమే. చిన్నప్పుడు నేను నమిలితే మా అవ్వ నెత్తిన మొట్టేది.

అత్త నిమ్మకాయంత ముద్ద చేసి, ఆకుకూర సారు పోసి ముందు పెట్టింది.

"రాగి కడుపుకు చల్లన. నున్నగా జారిపోతాది, మింగు."

మింగాను. మొదటిది దిగింది. రెండోది ఎదలో కూర్చుంది. లోపల ఎవరో పిడికిలి పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. నోట్లో జొల్లు నురగలా ఊరుతోంది. అత్త చెంబు తెచ్చింది.

"నీళ్ళు తాగమ్మీ, దిగిపోతాది."

తాగకూడదని తెలిసీ తాగాను. నొప్పి రెట్టింపయింది. దర్శన్ అంగడి వదిలి పైకి పరుగెత్తుకొచ్చేసరికి నేను బాత్‌రూమ్‌లో గోడ పట్టుకుని ఉన్నాను. కుట్లు ఏమయ్యాయోనని అతని ముఖం పాలిపోయింది. చాలాసేపటికి అంతా పైకొచ్చింది.

"నమిలారా?" అని అడిగింది డైటీషియన్ ఫోన్‌లో.

"ముద్దను ఎవరు నములుతారు?" అన్నాను.

ఆమె నన్ను మళ్ళీ నీళ్ళ తిండికి పంపింది. మళ్ళీ అట్టపెట్టె పాలు, మళ్ళీ మిక్సీ.

"నువ్వే కదత్తా మింగమనింది," అని అత్త మీద విరుచుకుపడ్డాను.

"పుట్టినప్పటినుంచీ అట్లే తింటా ఉండా. ఇంకో మాదిరి నాకెట్ల తెలుస్తాది?" అంది ఆమె.

నిజమే. అందుకే ఇంకా మండింది. కోపం ఉంది, దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

మళ్ళీ మెత్తటి తిండి దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. ఈసారి ముద్ద ఇంకా చిన్నది. అత్త తన కంచం కూడా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. నేను బఠాణీ గింజంత తుంచి, సారులో ముంచి, నమిలాను.

పిండి పళ్ళకు అతుక్కుంది. సారు ముందే గొంతు దాటిపోయింది. నమిలేకొద్దీ రాగి వాసన పోయి చప్పటి బంక మిగిలింది. ముద్ద రుచి నాలుక మీద ఉండదని అప్పుడే తెలిసింది నాకు. అది గొంతులో జారేటప్పుడు ఉంటుంది. వేడిగా వెళ్ళి కడుపులో బరువుగా కూర్చున్నప్పుడు ఉంటుంది. అంత ముద్దకు నా కడుపులో ఇప్పుడు చోటే లేదు. డాక్టరు అబద్ధమేమీ చెప్పలేదు. తినొచ్చన్నాడు, తింటున్నాను.

"ఎట్లుండాది?" అంది అత్త.

బాగుందని చెప్పడానికి నోరు రాలేదు.

"ఇది ముద్ద కాదత్తా."

అత్త తన కంచంలోంచి కొంచెం తుంచి, సారులో ముంచి, నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. ఉన్న నాలుగు పళ్ళతో చాలాసేపు నమిలింది. మింగడానికి కష్టపడింది.

"అవునమ్మీ," అంది. "కాదు."

తర్వాత నా కంచం తీసి పక్కన పెట్టింది. ఆపరేషనయ్యాక ఆమె నన్ను ఇంకొంచెం తినమనకపోవడం అదే మొదటిసారి. అప్పుడొచ్చింది నాకు ఏడుపు.