రాష్ట్రపతి పదవికి పనికొచ్చే ఎర్రమ్మ

అర్హతలో ‘హత’ ఉందని రెండువేల ఆరు పంచాయతీ ఎన్నికల్లో నాకు తెలిసింది.

మా అడవిపల్లె సర్పంచి పదవికి ఎర్రమ్మ నామినేషన్ వేసింది. ఆమె పేరు ప్రతిపాదించింది నేనే; నా పేరు షాలేమ్‌రాజు, ఊళ్లో సైకిళ్లు బాగుచేస్తాను. ఆమెకు కావలసింది వాగు మీద వంతెన. తొమ్మిదేళ్ల కిందట ఆమె అక్కకు కాన్పయ్యాక రక్తం ఆగక, భద్రాచలం దవాఖానాకు మంచం మీద మోసుకుపోతుంటే వాగు అడ్డం పడింది. వరద తియ్యలేదు, ప్రాణం తీసింది.

కర్మలనాడు పసిగుడ్డును ఊరందరి ముందు ఎర్రమ్మ ఒడిలో పెట్టారు. మా ఊళ్లో అలా ఒడిలో పెట్టిన బిడ్డను ఇక ‘అక్క బిడ్డ’ అనకూడదు. అంటే ఆ పోయిన తల్లిని మళ్లీ చంపినట్టే.

నామినేషన్ల పరిశీలన రోజు అధికారి అడిగాడు: “పిల్లలెంతమంది?”

“ముగ్గురు సార్,” అంది ఎర్రమ్మ. ఆనాడు ఒడిలో పెట్టిన బిడ్డ, భవాని, ఆమె కొంగు పట్టుకుని ఉంది.

పోటీదారు పోతయ్య లేచాడు. “రాస్కోండి సార్! ఇద్దరు దాటితే సర్పంచి కారాదు, రూలున్నది!” ఒడిలో పెట్టిననాడు తలూపిన పెద్దమనిషే!

“సార్, గా చిన్నపిల్ల...” అన్నాను.

“అన్నా!” అని ఆపింది ఎర్రమ్మ.

అధికారికి అర్థమైంది. “కన్నబిడ్డ కాకపోతే చెప్పమ్మా. ఒక్క మాట చాలు, ఓకే చేస్త.”

“నా బిడ్డే సార్.”

నాకు మండింది. “సార్, రాష్ట్రపతికైతే ఏమడుగుతరు?”

“ముప్పై ఐదేళ్లు నిండాలె, ఈ దేశపోడు కావాలె, లోక్‌సభకు నిలబడే అర్హత ఉండాలె, సర్కారు కొలువు ఉండొద్దు.”

“పిల్లలెందరని?”

“అడగరు.”

“ప్రధానమంత్రిని?”

“అడగరయ్యా!”

“అంటే ఢిల్లీల దేశాన్నేలొచ్చు, గిక్కడ వాగు మీద వంతెన కట్టించొద్దా? పైనేమో పతి, కిందేమో సంతతి! ఏంది సార్ గిది?”

“అన్నా, గా పెద్ద కొలువు కాయితమే ఇయ్యమను,” అంది ఎర్రమ్మ. “నాకు ముప్పై ఆరు.”

గదంతా నవ్వింది. అధికారీ నవ్వాడు. నవ్వుతూనే ‘తిరస్కరించడమైనది’ అని రాశాడు.

ఇక మిగిలింది పోతయ్య ఒక్కడే. ఏకగ్రీవమట! అందరి గొంతూ నొక్కితే మిగిలేది ఒక్క గ్రీవమే కదా.

“అమ్మా, నా వల్లనా?” అంది భవాని.

“నీ వల్లెందుకైతది బిడ్డా?” అని ఎర్రమ్మ పోయి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. “పోతయ్య బావా, సర్పంచివైనవ్ గదా. వంతెన ఎప్పుడు కట్టిస్తవో చెప్పి పో.”

పోతయ్య ఇంకో తలుపు కోసం చూశాడు. ఆ గదికి తలుపు ఒక్కటే.