బొంబాయి నుంచి లండన్‌కి అయిదు గంటలు

ఆ రోజు ఆదోనిలో అంబాబాయికి కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున ఏడింటికి భర్త భీమసేనరావు బొంబాయిలో విమానం ఎక్కాడు. లండన్‌లో ఎవరో భక్తుల ఇంట్లో వారం రోజులు పురాణం చెప్పాలి. ఆయన తిని లేచాకే అదే విస్తట్లో ఆమె తినడం, కాపురానికి వచ్చిన నాటి నుంచీ అంతే. ఆయన ఊరికి పోతే, అక్కడ భోజనం అయ్యుంటుందన్న వేళ చూసుకుని తినేది. సముద్రం మీద వేలాడే మనిషికి భోజనం వేళ ఏది?

మరిది వెంకటరామయ్య హైస్కూల్లో లెక్కల అయ్యవారు. అన్న టిక్కెట్టు చూసి ముందే తేల్చి పెట్టాడు.

"ఏడింటికి లేస్తాది, పన్నెండుకు దిగుతాది. అయిదు గంటలు, అంతే వదినా."

"బొంబాయికే రైల్లో రాత్రంతా పడతాదే! లండన్ అంత దగ్గరా?"

"విమానం వదినా అది. ఎద్దులబండి అనుకున్యావా?"

అయ్యవారితో వాదమెందుకని ఊరుకుంది. కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. వీధిలోకి పోయి ఆకాశం చూసి వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మరిది, "అన్న దిగినాడు, స్నానం చేసినాడు, తిన్యాడు కూడా. నువ్వు కూచో," అని గదిమాడు. ఆమె తినింది.

సాయంత్రం బడి వదలకముందే వెంకటరామయ్య పంచె ఎగగట్టి పరుగెత్తుకొచ్చాడు. భూగోళం అయ్యవారు రాలేదని ఆ పాఠం ఈయన చెప్పాల్సి వచ్చింది. రేఖాంశాలు గీస్తూ గీస్తూ బోర్డు ముందే నీరుగారిపోయాడు.

"తప్పు జరిగింది వదినా! వాళ్లకు పన్నెండంటే మనకు సాయంత్రం అయిదున్నర. అన్న ఇంకా ఆకాశంలోనే ఉండాడు."

"నేను తినేస్తినే!"

విమానంలో పెట్టేది ఆయన ముట్టడు, నీళ్లు కూడా తాగడు. ఆయన పస్తు, తను పీకల దాకా తిని కూర్చుంది. ఆయనకేమన్నా అయితే తన వల్లే. ఆ భయంతో టెలిగ్రాం వచ్చేదాకా మజ్జిగతోనే గడిపింది. తప్పు లెక్క చేసిన పెద్దమనిషి మాత్రం తలవంచుకుని రెండు పూటలా తిన్నాడు.

మూడో రోజు టెలిగ్రాం వచ్చింది, క్షేమంగా చేరానని. అయినా ఆమె వంటింటికీ వాకిలికీ తిరుగుతూనే ఉంది.

"ఇంకా ఏమి వదినా? అన్న బాగుండాడు కదా."

ఆమె ఆగింది. "ఆ పొద్దు అన్నం పొగలు కక్కుతాండె. మీ అన్న జపం అయి, మాటలయి, తిని లేచేటప్పటికి ఎప్పుడూ సద్దే కదప్పా నాకు. ఇన్నేండ్లలో వేడన్నం తినింది అదే. బాగుండె. భయపడుతానే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్యా. అదే నిద్ర పట్టనీలేదు."

వెంకటరామయ్య పీట మీద కూర్చున్నాడు. ఆమె అతనికి వడ్డించి, ఎదురుగా తనకూ ఒక విస్తరి వేసుకుని, ఆవిరి పోకముందే నెయ్యి పోసుకుంది.

"మీ అన్న వచ్చినాక కూడా ఇట్లే తింటా. ఆ మాట ఆయనకు చెప్పేది మాత్రం నువ్వే."