పేరా మధ్యలో ఆగిన వేలు

"ఈ మార్చితో నువ్వు కొలువు మానుకుంటే సరిపోతాది" అన్నారు మా ఆయన, నేను కందిపప్పులో రాళ్లు ఏరుతుండగా. చారులో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా చెప్పి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆఫీసుకు బయలుదేరారు. ఆయన జనార్దనం గారు, నంద్యాల తాలూకాఫీసులో గుమాస్తా. నేను అదే ఊళ్లో కాలేజీలో తెలుగు పండితురాలిని. ఇద్దరమూ ఒకే వేళకు పనిలో ఉండాలి. పప్పులో రాళ్లు మాత్రం ఒక్కరే ఏరాలి, అదెవరో చెప్పనక్కర్లేదు.

అది 1958. మా కాలేజీ ఉద్యోగుల ప్రావిడెంటు ఫండుకు కొత్త నిబంధనలు వచ్చాయి. రిటైరయ్యేదాకా ఫండులో కొనసాగుతారా, లేక కొలువు మానుకుని ఇంతవరకూ జమ అయింది తీసుకుంటారా అని నెలాఖరులోగా ప్రతి ఒక్కరూ రాసివ్వాలి. రిటైరు కావడానికి నాకింకా పదేళ్ల పైనే ఉంది. కానీ మా ఆయన లెక్క వేరు. ఆళ్లగడ్డలో మా అత్తగారు వెంకటలక్ష్మమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. లేచి తిరగలేని మనిషి పక్కన ఒకరు ఉండాలి. అక్కడే పొలంలో మా మరిది పుల్లయ్య బావి తవ్వించాలని చూస్తున్నాడు. నేను మానుకుంటే అత్తగారికి మనిషి దొరుకుతుంది, ఫండు డబ్బుతో బావి అవుతుంది. ఒక్క సంతకంతో రెండు పనులు. రాత్రి భోజనాల దగ్గర అదే మాట మళ్లీ ఎత్తి, "పిల్లా జెల్లా లేనిదానివి, ఎవురికోసరం దాస్తావు?" అన్నారు. కసిగా అనలేదు. నిజంగానే ఆయనకు జవాబు తోచక అడిగారు. అందుకే నాకు ఎక్కువ మండింది.

అయితే కోపం వెనకాలే ఇంకోటి కూడా వచ్చింది. అసలు ఈ ఫండు అనేది ఏమిటి? నెలనెలా నా జీతంలోంచి కొంత కోత పడుతుందని తెలుసు. మిగతాది కవరుతో సహా ఆయన చేతికి ఇస్తాను. బస్సు ఛార్జీ కావాలంటే అడిగి తీసుకుంటాను. కోత పడింది ఎక్కడికి పోతుందో, అక్కడ ఎవరి పేరున ఉంటుందో, ఎప్పుడు తిరిగి వస్తుందో ఇన్నేళ్లలో ఒక్కసారీ నాకు అడగాలనిపించలేదు. అడగాలనిపించకపోవడమే ఇప్పుడు వింతగా ఉంది. స్టాఫు రూములో లెక్కల లెక్చరరు నాగేశ్వరరావు గారిని అడిగితే నవ్వి, "మీకెందుకమ్మా ఆ బాధ, మీ పెన్షన్ మీ ఇంట్లోనే ఉంది గదా" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత టీ వచ్చింది. అందరికీ గ్లాసులు అందించింది నేనే. ఆడమనిషి ఉండగా ప్యూను ఎందుకు పంచాలన్నది మా స్టాఫు రూములో రాయని నిబంధన.

నిబంధనల పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేను విద్వాన్ ప్యాసయినదాన్ని. మా నాయన సంజామలలో బడిపంతులు. చిన్నప్పుడే నాతో ప్రబంధాలు చదివించాడు గానీ ఇంగ్లీషు అక్షరాలు దాటి ముందుకు పోనివ్వలేదు. అందుకని పుస్తకం ఇంటికి తెచ్చి మా ఆయన ముందే పెట్టాను. ఆయన పెద్ద గొంతుతో చదువుతూ, తాలూకాఫీసులో రైతులకు చెప్పినట్టు ముక్కలు ముక్కలుగా చెప్పారు. "కుటుంబం" అన్న చోటికి వచ్చారు. ఫండుకు చందా కట్టేది ఆడమనిషైతే ఆమె కుటుంబం అంటే భర్త, పిల్లలు. ఆమెకు ఏమన్నా అయితే దుడ్లు కుటుంబానికే. "అంతే" అని పేజీ తిప్పేశారు.

ఆయన వేలు ఆగిన చోటును నేను చూశాను. పేరా అక్కడ అయిపోలేదు. కింద ఇంకా నాలుగైదు వరుసలు ఉన్నాయి. "ఆ కింద ఏముంది?" అన్నాను. "ఏందో ఆఫీసోళ్ల సొద, మనకు పనికొచ్చేది కాదు" అన్నారు. నాకు ఆ వరుసలు చదవలేకపోవడం కన్నా, అవి ఉన్నాయని తెలిసి ఊరుకోవడం కష్టమైంది.

మా కాలేజీలో నేను కాక ఇంకో ఆడమనిషి ఉంది, లైబ్రరీ చూసే కృపావరమ్మ గారు. మిషన్ బడిలో చదువుకున్న మనిషి, ఇంగ్లీషు బాగా వచ్చు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టుకుని ఇద్దరం ఆ పుస్తకం ముందు కూర్చున్నాం. ఆమె ఒక్కో మాటకు అర్థం చెప్పేది. వాక్యం చాలా పొడుగు, అర్థాలన్నీ తెలిసినా భావం చిక్కేది కాదు. అప్పుడు నేను నాకు తెలిసిన పద్ధతే మొదలుపెట్టాను. పద్యానికి చేసినట్టు ముందు క్రియ ఎక్కడుందో పట్టుకోవడం, ఎవరు, దేనిని, ఎప్పుడు అని ప్రశ్నలు వేసుకుంటూ మాటల్ని వరసలో పెట్టడం, ఆఖరున తాత్పర్యం. కృపావరమ్మ గారు నోరు తెరుచుకుని చూసి, "ఇన్నాళ్లూ చదువుతాండా గానీ, దీనికి ఇంత అర్థముందని నాకూ తెలీదు" అంది. అబద్ధం ఎందుకు, నాకు చాలా సంతోషమేసింది. ప్రావిడెంటు ఫండుకు ప్రతిపదార్థం రాసిన పండితురాలు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అలా తెలిసిన మొదటి సంగతి ఏమిటంటే, నా జీతంలోంచి పోయినదానికి కాలేజీ కూడా తన వంతు కలుపుతుంది. పూర్తికాలం పనిచేస్తే రెండూ నావి. మధ్యలో నా అంతట నేను మానుకుంటే కాలేజీ కలిపింది రాదు. తాలూకాఫీసు గుమాస్తాకు ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. బావికి నా వంతు సరిపోతుంది కాబట్టి మిగతాది చెప్పక్కర్లేదనుకుని ఉంటారు. కుటుంబం పేరా దగ్గరికి ఇంకా రాలేదు. కృపావరమ్మ గారు ముందు అదే చూద్దామంది గానీ, నేను ఒప్పుకోలేదు. మధ్యలోంచి చదవడం మా నాయన నేర్పలేదు.

ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. అత్తగారు నడవలో గోడపక్కన చాపమీద ఉన్నారు. తోడికోడలు సుగుణమ్మ పొలం మనుషులకు సంగటి కెలుకుతోంది, మాట్లాడే తీరిక లేదు. ఆ ఇంట్లో సంగటి తెడ్డు ఎవరి చేతిలో ఉంటే ఇల్లు వాళ్లది. ముద్దలు చేసేదీ, ఎవరికి ఎంత అన్నదీ ఆమే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆ తెడ్డు నన్ను ముట్టుకోనివ్వలేదు. తర్వాత నా ఉద్యోగం వల్ల మేం నంద్యాల పోయాం, తెడ్డు సుగుణమ్మకు వచ్చింది. నేను కాళ్లకు నూనె రాస్తుంటే అత్తగారు ఆరా మొదలుపెట్టారు.

"కొలువు అయిపోయినాంక కూడా దుడ్లిస్తారంట గదమ్మే. పని చేయకపోయినా?"

"ఇస్తారు అత్తమ్మా. అంతకాలం చేసినందుకు."

ఆమె ముఖంలో అంత ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు. చేసిన పనికి, చేయడం ఆగిపోయాక కూడా, ఎక్కడో ఎవరో లెక్క పెట్టుకుని ఉంటారా అన్న ఆశ్చర్యం. తెడ్డు ఇచ్చేసినప్పుడు మీకేం ఇచ్చారు అని అడిగాను.

"ఏమిస్తారు? అంతవరకూ నా కంచం పొయ్యికాడ ఉండె. తెడ్డు ఇచ్చిన దినంనుంచి గోడపక్కకు వచ్చింది. అడుగున మాడింది నాకు." సుగుణమ్మ వైపు చూసి గొంతు తగ్గించారు. "దాని తప్పేం లేదులే. నేనూ మా అత్తకు అదే పెట్టినా." తర్వాత ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నారు. "నన్ను చూసేదానికి నిన్ను కొలువు మానమన్యాడంట. నన్నెవురన్నా అడిగినారా? నువ్వు నా పక్కన ఇంకో చాప ఏసుకుని కూచుంటే నా కాలు అతుక్కుంటాదా? నీ తెడ్డు ఎవురికీ ఇయ్యాకు."

మరునాడు మధ్యాహ్నం కుటుంబం పేరాకు వచ్చాం. ఆయన వేలు ఆగిన చోటు దాటాం. కృపావరమ్మ గారు ఒక్కో మాటకూ అర్థం చెబుతూ, రెండో వరుసకే ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది. నేను అన్వయం కుదుర్చుకున్నాను. చందా కట్టే స్త్రీ, తన భర్తను తన కుటుంబంలోంచి మినహాయించాలని కోరుతూ రాసి ఇస్తే, అప్పటినుంచి అతను ఆమె కుటుంబంలోనివాడు కాడు. తిరిగి ఆమే ఆ కాగితాన్ని రద్దు చేస్తూ రాసి ఇస్తేనే అవుతాడు. కారణం చెప్పాలని ఎక్కడా లేదు. కుటుంబం లేనివాళ్లు తమకు నచ్చినవాళ్ల పేరు రాసుకోవచ్చునని ఆ తర్వాతి పేరాలో ఉంది. మగవాళ్ల సంగతి వెతికాం. వాళ్లు భార్యను అలా తీసేయడానికి లేదు, కోర్టు విడదీసి ఉండాలి.

పప్పన్నం చల్లారిపోయింది. ఎక్కడో ఏ ఆఫీసులోనో కూర్చుని ఈ వాక్యం రాసింది ఎవరు? ఆ రాసినవాడికి ఎవరి గురించి తెలుసు? అక్కా? చెల్లెలా? పొద్దున్నే పప్పులో రాళ్లు ఏరే ఏ ఆడమనిషిని చూసి ఈ నాలుగు వరుసలూ చేర్చాడు? ఈ సంగతి తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ ఉంది. ఆ వేళ మాత్రం ఒక్కటే తెలిసింది. "ఎవురికోసరం దాస్తావు" అన్న ప్రశ్నకు నేను ఇన్నాళ్లూ ఎవరి పేరు చెప్పాలా అని వెతుక్కున్నాను. నాకోసం అన్న జవాబు ఒకటి ఉందని తోచనే లేదు. కృపావరమ్మ గారి కలం తీసుకున్నాను.

సాయంత్రం మా ఆయన కాళ్లు కడుక్కుని వచ్చి పీటమీద కూర్చుంటూనే అడిగారు. "పెట్టినావా సంతకం?"

"పెట్టినాను. కొలువు మానను, ఫండులోనే ఉంటానని."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. మరి మా అమ్మనెవరు చూస్తారన్నారు. ఆదివారం పోయి ఇక్కడికే తీసుకొద్దాం, ఇద్దరం ఉన్నాం కదా, మీకూ సెలవులు ఉన్నాయి, నాకూ ఉన్నాయి అన్నాను. బావి మాట ఎత్తారు. బావి మీ అన్నదమ్ములది, మీరు చూసుకోండి అన్నాను. ఇంత నింపాదిగా నేను మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు, నేనూ వినలేదు. కోపం ముదిరేలోగా ఇంకో మాట చెప్పాను. నాకేమన్నా అయితే ఫండు అత్తమ్మకు చేరేటట్టు ఆమె పేరు రాశాను అని.

ఆయన ముఖం కుదుటపడింది. "మాయమ్మ పేరా? పోనీలే. ఇంట్లోనే ఉంటాది గదా" అని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. సగంలో ఆయనలోని గుమాస్తా నిద్ర లేచాడు. "అట్ల ఎట్ల రాయనిచ్చినారు? మొగుడు ఉండంగా వేరే పేరు చెల్లదే."

ఆయన కంచంలో మజ్జిగ పోశాను.

"మీరు ఆ పొద్దు వేలు ఆపినారే, దాని కింద ఉంది. ఈ మధ్యాహ్నంనుంచి మీరు నా కుటుంబంలో లేరు. మళ్లా రావాలంటే నేను రాయాల. రాస్తానో లేదో తెలుసుకోవాలని నాకూ ఉంది."