ఉత్త నాడె

పొద్దుటినుంచి పోగు తెగడం అది మూడోసారి. శ్రీరాములు మగ్గం గుంటలో కాళ్ళు దించి, దారం కట్టిన కళ్ళద్దాలు పైకి తోసుకుని, తెగిన కొసలు రెండూ వేళ్ళతో నలిపి అతికించాడు. నలభై అయిదేళ్ళ పని. బొటనవేలి పక్కన కాయ గోలీ అంత ఉంటుంది. కళ్ళు మూసుకున్నా తప్పని ఆ చెయ్యి ఇవాళ తడబడుతోంది.

"ఏందయ్యా, అవార్డు నీకొచ్చిందా, ఆ పిల్లకొచ్చిందా? గింత పరేషాన్ ఎందుకు?" వంటింట్లోంచి భార్య భాగ్యలక్ష్మి ఆటపట్టించింది.

ఆ పిల్ల యామిని. సినిమాకు కెమెరా పట్టే మనిషి. రెండేళ్ళ కిందట ఈ ఇంట్లో పది రోజులు షూటింగు చేసింది. కప్పులోని గాజు పెంకులోంచి దిగే ఎండలో శ్రీరాములు నేస్తున్న దృశ్యం ఒకటుంది, నలభై సెకన్లు. మొన్న సినీ విమర్శకులు ఉత్తమ ఛాయాగ్రహణం అవార్డు ఆమెకే ఇచ్చారు. ఆ నలభై సెకన్ల గురించే పత్రికల్లో అంతంత రాశారట. ఇప్పుడు గద్వాల నేతగాళ్ళ ఫోన్లన్నిటా అదే. అవార్డు చూపించడానికి ఇవాళ వస్తానంది యామిని.

శ్రీరాములుకు మాత్రం నిన్నటినుంచి అన్నం సహించడం లేదు. ఎందుకంటే, అందులో అతను నేయలేదు.

ఆ రోజు అమావాస్య. అమావాస్యనాడు మగ్గం నడపరు. అతని తండ్రి నడపలేదు, తాత నడపలేదు. కానీ మర్నాడే యూనిట్ వెళ్ళిపోతుందని యామిని చేతులు జోడించింది. కాదనలేకపోయాడు. పోగు పడకపోతే నేసినట్టు కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుని, పడుగులో పోగును అటూ ఇటూ మోసే నాడెలోంచి నూలు కండె తీసి దాచేసి, ఉత్త నాడెను అటూ ఇటూ విసిరాడు. ఆచారమూ నిలిచింది, ఆ పిల్ల పనీ అయిందనుకున్నాడు. ఆహా, ఏం తెలివి! ఏ నేతగాడు కాస్త నిదానించి చూసినా ఇప్పుడు గుట్టు రట్టే. పైగా నేస్తుండగా అతన్ని తీసిన బొమ్మ జన్మకల్లా అదొక్కటే. రేపు తను పోయాక మిగిలేదీ అదే. తల కొట్టేసినట్టుంది అతనికి.

యామిని వచ్చేసరికి పన్నెండు దాటింది. బంగారు అక్షరాల పలకను చేతికివ్వబోతే శ్రీరాములు చెయ్యి చాపలేదు.

"బిడ్డా, నీకొక ముచ్చట చెప్పాలె. గది అబద్ధం. నాడెల దారం లేకుండె."

ఆమెకు అర్థం కాలేదు. ఆమె ఫోన్లోనే ఆ దృశ్యం పెట్టించి వేలితో చూపించాడు. "ఇంతసేపు కొడ్తున్న గద. గుడ్డ పెరిగిందా? వెంట్రుక మందం గూడ పెరగలే. ఆ దినం అమాస."

యామిని మళ్ళీ మళ్ళీ చూసింది. మొహం కందిపోయింది. "వెయ్యిసార్లు చూసుంటాను పెద్దనాన్నా. ఎండనే చూశాను. గుడ్డ వైపు చూడనే లేదు."

"మల్ల తియ్యరాదు? నిజంగ నేస్త."

"కెమెరా తేలేదు. పెంకులోంచి పడే ఎండ కూడా మగ్గం దాటిపోయింది. చీకటిగా వస్తుంది."

"రానీ. ఎండతోని నాకేం పని?"

ఫోన్‌తోనే తీసింది. శ్రీరాములు ఒక్క పోగు తెగకుండా అరగంట నేశాడు. వచ్చిన బొమ్మ ఘోరం. మొహం ఆనలేదు, చేతులు మసకమసక, చివర్లో వంటింటి మూకుడు చప్పుడు. యామినికి చూడబుద్ధి కాలేదు. అతను మాత్రం పిల్లాడిలా మురిసిపోయాడు.

"నేసుడంటే గిది! మా ఆమె ఫోన్లకు పంపియ్యి."

ఆమె వెళ్ళాక రెండుసార్లు మారు అన్నం పెట్టించుకుని తిన్నాడు. "జర నడుం వాలుస్త" అని మగ్గం పక్కనే చాప పరుచుకున్నాడు. నాలుగింటికి భాగ్యలక్ష్మి చాయ్ తెచ్చి పిలిచింది. కాలు తట్టి పిలిచింది. ఆ తర్వాత ఆమె అరిచిన అరుపుకు వాడంతా వచ్చింది.

సాయంత్రం వాకిట్లో ఎవరో అవార్డు వచ్చిన దృశ్యం పెట్టి, ఎంత బాగున్నాడో అని కళ్ళొత్తుకుంటున్నారు. భాగ్యలక్ష్మి లేచి వచ్చింది.

"గది బంజెయ్యుండ్రి. మా ఆయన గిదాంట్ల ఉన్నడు," అని తన ఫోన్ చేతికిచ్చింది.

పక్కింటి నేతగాడు రవి ఆ చీకటి బొమ్మను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చివరిదాకా చూశాడు. లోపలికి వెళ్ళి మగ్గం మీదికి వంగాడు. వంగపండు రంగుది, తడిమితే పోగుపోగూ చేతికి తగిలేది, బెత్తెడు కొత్త గుడ్డ.